ఎన్‌క్లెక్స్ రివిజన్: చదివిన పాఠమే పరీక్షలో ఎందుకు తడబాటు పెడుతోంది?

సంక్షిప్తంగా

అమెరికా, కెనడాల్లో నర్సుగా రిజిస్టర్ కావడానికి రాయాల్సిన ఎన్‌క్లెక్స్, ఎంత గుర్తుంది అని అడగదు. పేషెంటు పక్కన నిలబడి ముందు ఏం చేస్తారు అని అడుగుతుంది. మన జీఎన్‌ఎం డిప్లొమా, బీఎస్సీ నర్సింగ్ చదువుల్లో విషయం తక్కువ కాదు, గోదావరి డెల్టా ఆసుపత్రుల్లో కేసులూ తక్కువ కావు. లోటు ఈ రెంటినీ కలిపే ‘ఎందుకు’ దగ్గర ఉంది. పరీక్ష నడిచే తీరు, మార్కులు ఎక్కువగా ఉండే చోట్లు, రోజూ చూసే కేసుల్లోంచే మూలసూత్రాలను పట్టుకునే మార్గం, మన వార్డు అలవాట్లు దారి తప్పించే సందర్భాలు ఈ వ్యాసంలో ఉన్నాయి.

నాలుగు ఆప్షన్లూ కరెక్టే అనిపించే పరీక్ష

గోదావరి డెల్టాకు విదేశీ ప్రయాణం కొత్త కాదు. కోనసీమలో, పశ్చిమ గోదావరిలో కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్లొచ్చినవాళ్లు లేని ఊరు అరుదు. ఆ దారిలో ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు చాలామంది. ఇప్పుడు నర్సింగ్ చదివిన తరం అమెరికా వైపు చూస్తోంది. కాకినాడ, రాజమహేంద్రవరం, భీమవరం, అమలాపురంలో నైట్ డ్యూటీ దిగి, బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే ఫోన్ తీసి ప్రాక్టీస్ ప్రశ్నలు చేసుకునే స్టాఫ్ నర్సులు వీళ్లే.

వీళ్లలో తరచూ వినిపించే మాట ఒకటుంది: “పాఠం వచ్చు, కానీ నాలుగు ఆప్షన్లూ కరెక్టుగానే కనబడుతున్నాయి.” ఆ మాట నిజమే. ఈ పరీక్షలో చాలా ప్రశ్నలకు నాలుగూ నర్సు చేయదగిన పనులే. వాటిలో ముందు చేయాల్సింది ఏది అన్నదే ప్రశ్న. రోగ లక్షణాల జాబితా కంఠతా వచ్చినా ఇక్కడ సాయపడదు, ఎందుకంటే జాబితాలో లక్షణాలన్నీ సమానం. పేషెంటు ఒంట్లో మాత్రం అవి సమానం కావు. ఒకటి ముందు వస్తుంది, ఒకటి ప్రాణం మీదికి వచ్చాక వస్తుంది.

కంప్యూటర్ తూచే తీరు

ఎన్‌క్లెక్స్ 1994 నుంచి కంప్యూటర్ మీద నడుస్తోంది. ప్రశ్నపత్రం అందరికీ ఒకటే ఉండదు. సంతలో రాళ్లు వేసి తూచే త్రాసును తలుచుకుంటే ఈ పద్ధతి అర్థమవుతుంది. తూచేవాడు ఒక రాయి వేస్తాడు. తక్కువైతే పెద్దది, ఎక్కువైతే చిన్నది మారుస్తూ ముల్లు నిలకడగా నిలిచేదాకా చూస్తాడు. ఇక్కడ ప్రశ్నే రాయి. సరిగ్గా చెబితే తర్వాతి ప్రశ్న కాస్త కఠినంగా, తప్పితే కాస్త తేలిగ్గా వస్తుంది. అభ్యర్థి స్థాయి పాస్ గీతకు పైన ఉందో కింద ఉందో కంప్యూటర్‌కు 95 శాతం నమ్మకం కుదిరితే పరీక్ష ఆగిపోతుంది.

2023 ఏప్రిల్ 1న ‘నెక్స్ట్ జనరేషన్’ పేరుతో కొత్త రూపం వచ్చింది. రిజిస్టర్డ్ నర్సు పరీక్షలో కనీసం 85 ప్రశ్నలు, గరిష్ఠంగా 150, సమయం ఐదు గంటలు. వాటిలో 15 ప్రశ్నలకు మార్కులు ఉండవు. భవిష్యత్తు పరీక్షల కోసం వాటిని సరిచూస్తుంటారు. అవి ఏవో అభ్యర్థికి తెలియదు. చేతులు మారుతూ వచ్చిన పాత మెటీరియల్లో 265 ప్రశ్నలు, ఆరు గంటలు అని కనబడుతుంది. అది 2020కి ముందు సంగతి. అలాంటి పుస్తకంలో మందుల పాఠం పనికొస్తుంది కానీ, పరీక్ష గురించి రాసిన పేజీలు పనికిరావు.

ఈ తూకం వల్ల మన పిల్లలకు అలవాటు లేని అనుభవం ఒకటి ఎదురవుతుంది. బాగా చదివినవాళ్లకు కూడా దాదాపు సగం ప్రశ్నలు తప్పుతున్నట్టే ఉంటుంది. ప్రతి ప్రశ్నా అభ్యర్థి సత్తా అంచుకు దగ్గరగా రావడం వల్ల ఇలా జరుగుతుంది. డిస్టింక్షన్‌లో పాసైన అమ్మాయి నలభయ్యో ప్రశ్న దగ్గర ఇంక అయిపోయిందనుకుని టెన్షన్ పడి, ఆ తర్వాత ప్రశ్నలు సరిగ్గా చదవకుండానే నొక్కేస్తుంది. నిజానికి ప్రశ్నలు కష్టంగా ఉండడం మంచి సూచన. 85 దగ్గర ఆగితే పాసేనన్న మాటా తప్పే, 150 దాకా వెళ్తే ఫెయిలేనన్న మాటా తప్పే. రెండు చోట్లా రెండు ఫలితాలూ వస్తాయి.

ఒకసారి జవాబు ఇచ్చాక వెనక్కి వెళ్లలేం, వదిలేసి ముందుకూ పోలేం. తేలికైన బిట్లు వందలకొద్దీ చేస్తే ఇక్కడ పెద్దగా లాభం ఉండదు. స్థాయి పెరిగేకొద్దీ ఆ తేలిక ప్రశ్నలు తెర మీదికే రావు.

మన పరీక్షలు దేన్ని నేర్పాయి

మన దేశంలో నర్సింగ్ కోర్సు పాసయ్యాక రాష్ట్ర కౌన్సిల్‌లో రిజిస్టర్ అవుతారు. లైసెన్సు కోసం విడిగా పరీక్ష ఉండదు. కాబట్టి చదువంతా యూనివర్సిటీ లేదా బోర్డు పరీక్ష చుట్టూ తిరుగుతుంది. నిర్వచనం, కారణాలు, లక్షణాలు, చికిత్స, నర్సింగ్ కేర్ అని సైడ్ హెడ్డింగులు పెట్టి ఎంత ఎక్కువ రాస్తే అన్ని మార్కులు. ఎయిమ్స్‌లలో నర్సు పోస్టుల కోసం ఢిల్లీ ఎయిమ్స్ నిర్వహించే నార్సెట్ లాంటి ఉద్యోగ పరీక్షల్లో బిట్లు ఉంటాయి, తప్పుకు మూడో వంతు మార్కు కోత పడుతుంది. కానీ అక్కడ లక్ష్యం వేరు. పోటీలో ముందున్నవాళ్లను ఏరుకోవడం.

లైసెన్సు పరీక్ష ఎవరినీ ఎవరితోనూ పోల్చదు. ఈ నర్సు చేతిలో పేషెంటును ఒంటరిగా పెట్టొచ్చా లేదా అన్న ఒక్కదానికే జవాబు వెతుకుతుంది. బ్రిటన్ అయితే కంప్యూటర్ పరీక్షతో పాటు చేతల పరీక్ష కూడా పెట్టి ఇదే చూస్తుంది. కెనడా 2015 నుంచి ఎన్‌క్లెక్స్‌నే తీసుకుంది. విదేశాల్లో చదివిన నర్సుల కోసం ఆస్ట్రేలియా కూడా 2020 నుంచి తన అంచనా పద్ధతిలో దీన్ని చేర్చింది.

మార్కుల బరువు ఎక్కడుంది

రివిజన్ అనగానే మనవాళ్లు గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీ అని అవయవాల వరసలో మొదలుపెడతారు. పరీక్ష ప్రణాళిక ఆ వరసలో లేదు. పేషెంటు అవసరాల వరసలో ఉంది. 2023లో అమల్లోకి వచ్చిన ప్రణాళికలో అన్నిటికన్నా పెద్ద వాటా, 15 నుంచి 21 శాతం, కేర్ మేనేజ్‌మెంట్‌ది: ఎవరిని ముందు చూడాలి, ఏ పని ఎవరికి అప్పగించాలి, పేషెంటు హక్కులు, సమ్మతి. దాని తర్వాత మందులు, 13 నుంచి 19 శాతం. జబ్బు ముదిరినప్పుడు ఒంట్లో వచ్చే మార్పులకు 11 నుంచి 17, భద్రతకూ ఇన్ఫెక్షన్ నియంత్రణకూ కలిపి 10 నుంచి 16, ప్రమాదాన్ని ముందే పసిగట్టడానికి 9 నుంచి 15. మిగిలిన మూడింటికి తలా 6 నుంచి 12. ప్రణాళికను మూడేళ్లకోసారి సవరిస్తారు కాబట్టి, పరీక్ష తేదీకి ఏది అమల్లో ఉందో చూసుకోవాలి.

అన్నిటికన్నా పెద్ద వాటా ఉన్న మొదటి భాగానికి మన దగ్గర సబ్జెక్టుగా దక్కే చోటు చిన్నది. బీఎస్సీలో చివర్లో వచ్చే మేనేజ్‌మెంట్ పేపరు పాసయితే చాలనుకుంటారు. ఎన్‌క్లెక్స్‌కి వచ్చేసరికి అదే ముందు వరసలో ఉంటుంది.

శివారు చేను ముందు ఎండుతుంది

షాక్, అంటే అవయవాలకు చాలినంత రక్తం అందని స్థితి, ఆ పాఠాన్ని తీసుకుందాం. పుస్తకంలో దాని లక్షణాలు పదీ పన్నెండు ఉంటాయి: బీపీ పడిపోవడం, పల్స్ పెరగడం, చల్లటి చెమట, మూత్రం తగ్గడం, ఆందోళన. జాబితాలో బీపీ ముందుంటుంది కాబట్టి అందరికీ అదే గుర్తుంటుంది.

దాళ్వాలో, అంటే రబీ వరికి, నీటి ఎద్దడి వచ్చినప్పుడు డెల్టాలో ఏమవుతుందో రైతు ఇంట్లో పుట్టిన ఎవరికైనా తెలుసు. కాలువలకు వంతులవారీగా నీళ్లు వదులుతారు, తూములు బిగిస్తారు. ముందు ఎండేది కాలువ చివరనున్న శివారు చేలు. ప్రధాన కాలువ గట్టు మీద నిలబడి చూసేవాడికి నీటిమట్టం బాగానే కనబడుతుంది, శివారు రైతు మాత్రం అప్పటికే ఆకాశం వంక చూస్తుంటాడు.

రక్తం పోతున్న ఒంట్లో జరిగేదీ ఇదే. గుండెకు, మెదడుకు సరఫరా ఆగకూడదు కాబట్టి శరీరం చర్మానికి, పేగులకు, కిడ్నీకి వెళ్లే తూములు బిగిస్తుంది. అందుకే చేతులు చల్లబడతాయి, చెమట జిగటగా పడుతుంది, మూత్రం గంటకు 30 మిల్లీలీటర్ల కన్నా తగ్గుతుంది. గుండె వేగం పెంచుతుంది. ఈ సర్దుబాటు నడిచినంతసేపూ బీపీ, అంటే ప్రధాన కాలువ మట్టం, మామూలుగానే ఉండొచ్చు. పెద్దవాళ్ల ఒంట్లో రక్తం సుమారు ఐదు లీటర్లు అనుకుంటే, అందులో 30 శాతం దాకా పోయినా పడుకున్న మనిషి పై బీపీ నిలబడి ఉండే అవకాశం ఉంది. గర్భిణిలో రక్తం పరిమాణం ముందే 40 నుంచి 50 శాతం పెరిగి ఉంటుంది కాబట్టి బాలింతలో బీపీ ఇంకా ఆలస్యంగా పడుతుంది. బీపీ పడేదాకా చూసిన నర్సు చాలా ఆలస్యం చేసినట్టు.

ఇలా అర్థం చేసుకుంటే ‘ఎవరిని ముందు చూడాలి’ అన్న ప్రశ్నలో, బీపీ 110 ఉన్నా పల్స్ 124 ఉండి కాలు కాలు రాసుకుంటూ అస్థిమితంగా కదులుతున్న పేషెంటు దగ్గరికి చూపు దానంతటదే వెళ్తుంది. దీనికి తిరగేసిన చిత్రం తలలో ఒత్తిడి పెరగడం. మెదడుకు రక్తం అందక శరీరం పై బీపీని పెంచుతుంది, పై అంకెకూ కింది అంకెకూ తేడా ఎక్కువవుతుంది, ఆ ఒత్తిడికి స్పందించి గుండె నెమ్మదిస్తుంది, ఊపిరి లయ తప్పుతుంది. రెండు పాఠాలనూ పక్కపక్కన పెట్టి చదివితే ఒకటి రెండోదాన్ని గుర్తుచేస్తుంది.

ఒక్క మాట మారితే జవాబు మారుతుంది

లేబర్ రూమ్‌లో పనిచేసిన వాళ్లకు ఈ దృశ్యం కొత్త కాదు. కాన్పయి గంట అయింది. పదిహేను నిమిషాల్లో ప్యాడ్ నిండా తడిసింది. పొట్ట మీద చేయి వేస్తే గర్భసంచి గట్టిగా తగలాల్సింది మెత్తగా జారిపోతోంది. ఆప్షన్లు నాలుగు: డాక్టర్‌కు ఫోన్ చేయడం, బీపీ చూడడం, గర్భసంచిని మర్దన చేయడం, పేషెంటుకు మూత్రం పోయించడం.

మన దగ్గర చాలామంది చేయి ముందు ఫోన్ మీదికి వెళ్తుంది. అది తప్పు అలవాటేమీ కాదు, పైవాళ్లకు చెప్పకుండా ఏమీ చేయకూడదని నేర్పిన క్రమశిక్షణ. పరీక్ష కోరేది మర్దన. గర్భసంచి ముడుచుకుంటేనే దాని కండరం మధ్యనున్న రక్తనాళాలు బిగుసుకుని రక్తం ఆగుతుంది. ఆ పని నర్సు రెండు చేతులతో ఆ క్షణమే చేయగలదు. ఒక చెయ్యి పైన మర్దిస్తుంటే రెండోది జఘనాస్థి పైన ఆనించి గర్భసంచిని కింద నుంచి కాయాలి. అదే నోటితో సాయానికి కేకేయవచ్చు కూడా.

ఇప్పుడు ప్రశ్నలో ఒక్క మాట మారుద్దాం. రక్తస్రావం పెద్దగా లేదు, గర్భసంచి గట్టిగానే ఉంది, కానీ బొడ్డుకు పైన కుడి పక్కకు ఒరిగి ఉంది. అప్పుడు నిండిన మూత్రాశయం దాన్ని నెడుతోందని అర్థం, ముందు మూత్రం పోయించాలి. మరో మాట మారుద్దాం. గర్భసంచి గట్టిగా, నడిమధ్యలో ఉంది, అయినా ఎర్రటి రక్తం సన్నటి ధారగా ఆగకుండా కారుతోంది. ఎక్కడో చిరుగు ఉన్నట్టు. ఇక్కడ మర్దన వల్ల లాభం లేదు, డాక్టర్‌ను పిలవడమే సరైన జవాబు. ఈ మూడింటినీ మూడు బిట్లుగా బట్టీ పడితే పరీక్షలో కలగాపులగం అవుతాయి. గర్భసంచి ఎందుకు ముడుచుకోవాలో తెలిసినవాళ్లకు మూడూ ఒకే ప్రశ్న.

పొటాషియం వెంట నడిస్తే అయిదు పాఠాలు

రివిజన్‌లో కొన్ని అంశాలు ముడుల్లాంటివి. ఒకటి పట్టుకుంటే చాలా పాఠాలు కదులుతాయి. పొటాషియం అలాంటిది. మామూలు స్థాయి లీటరుకు 3.5 నుంచి 5.0 మిల్లీఈక్వివలెంట్లు. ఇంత ఇరుకు హద్దు ఎందుకంటే గుండె కొట్టుకునే విద్యుత్తు దీని మీద ఆధారపడుతుంది.

గుండె బలహీనమైన పెద్దాయన మూత్రం ఎక్కువ పోయించే ఫ్యూరోసెమైడ్, గుండె మందు డిగాక్సిన్ రెండూ వాడుతున్నాడు. మొదటిది మూత్రంతో పాటు పొటాషియాన్ని బయటికి పంపుతుంది. పొటాషియం, డిగాక్సిన్ రెండూ గుండె కణం మీద ఒకే పంపు దగ్గర చోటు కోసం పోటీ పడతాయి. పొటాషియం తగ్గితే ఆ చోటు డిగాక్సిన్‌కు దొరుకుతుంది, మామూలు మోతాదే విషమవుతుంది. అందుకే వికారం, దీపాల చుట్టూ పసుపు వలయాలు, నెమ్మదించిన గుండె. మందు ఇచ్చే ముందు స్టెతస్కోపుతో గుండె దగ్గర నిండా ఒక నిమిషం లెక్కపెట్టి, పెద్దవాళ్లలో 60 కన్నా తక్కువైతే ఆపి తెలియజేయాలన్న నియమం ఇక్కడి నుంచి వచ్చింది.

షుగర్ ఎక్కువై కీటోఎసిడోసిస్‌లో, అంటే రక్తం ఆమ్లమయ్యే స్థితిలో, పడిన పేషెంటులోనూ ఇదే పొటాషియం. ముందు నార్మల్ సెలైన్, తర్వాత ఇన్సులిన్. రిపోర్టులో పొటాషియం బాగానే ఉన్నట్టు కనబడినా, ఇన్సులిన్ మొదలవగానే అది కణాల్లోకి వెళ్లిపోయి రక్తంలో పడిపోతుంది. గంటగంటకూ కనిపెట్టి ఉండాల్సింది అందుకే. కిడ్నీ చెడిన పేషెంటులో కథ తిరగబడుతుంది. పొటాషియం బయటికి పోదు, ఈసీజీలో టీ అల మొనదేరి నిటారుగా లేస్తుంది. అప్పుడిచ్చే కాల్షియం గ్లూకోనేట్ పొటాషియాన్ని తగ్గించదు, గుండెను కాపాడుతుంది. గ్లూకోజుతో కలిపిన ఇన్సులిన్ దాన్ని కణాల్లోకి తోస్తుంది. ఒంట్లోంచి తీసేసేది డయాలసిస్. ఏ పరిస్థితిలోనైనా పొటాషియాన్ని సిరంజితో నేరుగా నరంలోకి ఇవ్వకూడదు.

ఆహారం ప్రశ్నలు కూడా ఈ దారిలోనే వస్తాయి. పరీక్షలో అరటిపండు, నారింజ రసం, ఉప్పుకు బదులు వాడే పొడి కనిపిస్తాయి. కోనసీమ వార్డులో అయితే పరామర్శకు వచ్చిన చుట్టాలు డయాలసిస్ పేషెంటు మంచం కింద పెట్టి వెళ్లే కొబ్బరిబోండాలు కనిపిస్తాయి. వాటిలో పొటాషియం బాగా ఎక్కువ. ఆ బోండాన్ని పక్కకు తీయించి, ఎందుకో ఇంట్లోవాళ్లకు రెండు మాటల్లో చెప్పగలిగిన నర్సుకు ఆ ప్రశ్న వచ్చేసినట్టే.

పురుగుల మందు కేసు నేర్పే ఫార్మకాలజీ

వరి పొలాల నడుమ ఉన్న ఆసుపత్రిలో క్యాజువాలిటీ డ్యూటీ చేసిన నర్సు పురుగుల మందు కేసును చూడకుండా ఉండదు. ఇది బాధాకరమైన అనుభవం. ఫార్మకాలజీలో ఇంతకన్నా స్పష్టమైన పాఠమూ లేదు. నోటి నుంచి నురగ, కళ్లలో నీళ్లు, గుడ్డలో విరేచనం, సూదిమొనంత కనుపాపలు, ఛాతీలో గరగర, నెమ్మదించిన పల్స్. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుల మందులు, నరాల సంకేతాలను మోసే ఎసిటైల్‌కోలిన్‌ను విరిచే ఎంజైమును అడ్డుకుంటాయి. విరగని ఎసిటైల్‌కోలిన్ పోగుపడి, ఒంట్లో తడి ఉన్న ప్రతి చోటా ఊటలా పొంగుతుంది. అట్రోపిన్ ఆ ఎసిటైల్‌కోలిన్ పనిని అడ్డుకుంటుంది. ఎంత ఇవ్వాలన్నదానికి కొలత కనుపాప కాదు, ఊపిరితిత్తుల్లో తడి ఆరిందా లేదా అన్నది.

ఎన్‌క్లెక్స్‌లో పొలం మందు కేసు రావడం అరుదు. కానీ కండరాలు నీరసించే మయస్తీనియా గ్రావిస్ జబ్బు పేషెంటు వస్తాడు. అతను వాడే పిరిడోస్టిగ్మిన్ అదే ఎంజైమును, కాస్త మెల్లగా, అడ్డుకునే మందు. మోతాదు మించితే కండరాలు నీరసిస్తాయి, దాంతోపాటు లాలాజలం, కడుపులో మెలిపెట్టడం, విరేచనాలు. మోతాదు చాలకపోయినా కండరాలు నీరసిస్తాయి, కానీ ఆ తడి ఉండదు. ఈ తేడాను పుస్తకంలో పట్టికగా చదివితే వారంలో పోతుంది. క్యాజువాలిటీలో ఒకసారి చూసిన మనిషికి పోదు. మతిమరుపుకు వాడే డోనెపెజిల్‌తో పల్స్ తగ్గడం, విరేచనాలు కావడం కూడా అదే కుటుంబం. అట్రోపిన్ జాతి మందులన్నీ దీనికి ఎదురు: నోరు ఎండడం, చూపు మసకబారడం, మలబద్ధకం, మూత్రం బిగపట్టడం, పల్స్ పెరగడం. ప్రోస్టేట్ పెరిగిన పెద్దాయనకూ, ఒక రకం గ్లకోమా ఉన్నవాళ్లకూ వాటితో ఎందుకు జాగ్రత్తపడాలో ఎవరూ విడిగా చెప్పనక్కర్లేదు.

డెల్టా నర్సులకు ఉన్న అసలు బలం ఇదే. కోచింగ్ నోట్సులో లేనిది, కళ్లతో చూసింది. దానికి కావాల్సిందల్లా ఆ కేసు వెనక ఏం జరిగిందో డ్యూటీ అయ్యాక పది నిమిషాలు కూర్చుని రాసుకోవడం.

వార్డు అలవాటు ఎదురుతిరిగే చోట్లు

ఇదే అనుభవం కొన్ని చోట్ల దారి తప్పిస్తుంది. పరీక్షలోని ఆసుపత్రిలో అన్ని వసతులూ ఉంటాయి, చేతిలో ఉన్న పేషెంటు తప్ప వేరే పని ఉండదు. ‘మా వార్డులో ఇది కుదరదు’ అన్న ఆలోచనను గుమ్మం బయటే వదలాలి. టీబీ అనుమానం ఉంటే కిటికీ పక్క మంచం చాలదు. గాలి లోపలికే లాగే విడి గది, ఎన్95 మాస్కు కావాలి. తట్టు, ఆటలమ్మ కూడా గాలి ద్వారానే. ఫ్లూ, కోరింత దగ్గు తుంపర్ల జాబితాలోకి వస్తాయి. సి.డిఫిసిల్ అనే పేగు బ్యాక్టీరియా వల్ల విరేచనాలవుతున్న పేషెంటును ముట్టుకున్నాక శానిటైజర్ పనిచేయదు, సబ్బు నీళ్లతోనే కడగాలి, ఎందుకంటే ఆ సూక్ష్మజీవి వేసుకునే గట్టి కవచాన్ని ఆల్కహాల్ చీల్చలేదు.

పని అప్పగించడం మనకు ఇంకా కొత్త. ఇక్కడ పేషెంటుకు అన్నం పెట్టడం, పక్క మీంచి లేపడం, బాత్‌రూమ్‌కు తీసుకెళ్లడం చాలావరకు ఇంట్లోవాళ్ల పని. అమెరికా వార్డులో ఆ పనులు సహాయకులకు అప్పగిస్తారు, వాళ్ల పై అంచెలో ప్రాక్టికల్ నర్సు ఉంటుంది. పరిస్థితిని అంచనా వేయడం, పేషెంటుకు నేర్పడం, ఫలితాన్ని బేరీజు వేయడం మాత్రం రిజిస్టర్డ్ నర్సు ఎవరికీ అప్పగించకూడదు. స్థిమితంగా ఉన్న పేషెంటు, ఫలితం ముందే తెలిసిన పని మాత్రమే కింది అంచెకు వెళ్తుంది. కొత్తగా చేరిన పేషెంటును, ఇప్పుడే ఆపరేషన్ అయి వచ్చిన పేషెంటును అప్పగించే ఆప్షన్ చూడగానే కొట్టేయవచ్చు.

హక్కుల దగ్గర తేడా ఇంకా లోతైనది. మన దగ్గర రిపోర్టు ముందు కొడుక్కో, భర్తకో చెబుతారు. పరీక్షలో పేషెంటు అనుమతి లేకుండా ఎవరికీ చెప్పకూడదు. ఆపరేషన్ గురించి వివరించాల్సింది డాక్టరు. సంతకం పేషెంటే ఇష్టపూర్వకంగా చేసిందా అని చూడడం నర్సు పని. ఏం జరగబోతోందో తనకు తెలియదని పేషెంటు అంటే సంతకం తీసుకోకుండా డాక్టర్‌ను మళ్లీ పిలవాలి. భాష తెలియని పేషెంటుకు కూతురితో అనువాదం చేయించకూడదు, శిక్షణ పొందిన దుబాసీ కావాలి. మన కుటుంబాల ఆప్యాయత తెలిసినవాళ్లకు ఇది కటువుగా తోస్తుంది. ఆ కటువుతనం వెనక ఉన్న ఉద్దేశం, నిర్ణయం పేషెంటు చేతిలోనే ఉండాలన్నది.

మందుల పేర్లు, ప్రశ్నల భాష

వార్డులో లాసిక్స్ అనే మాటే నలుగుతుంది. పరీక్షలో కంపెనీ పేర్లు దాదాపు ఉండవు, ఫ్యూరోసెమైడ్ అనే ఉంటుంది. అంతకన్నా ఇబ్బంది పెట్టేవి అమెరికా పేర్లు. మన పారాసిటమాల్ అక్కడ ఎసిటమినోఫెన్, సాల్బుటమాల్ ఆల్బుటెరాల్, అడ్రినలిన్ ఎపినెఫ్రిన్, పెథిడిన్ మెపెరిడిన్. మందు బాగా తెలిసీ పేరు తెలియక మార్కు పోవడం కన్నా బాధ ఉండదు. ఇరవై ముప్పై పేర్ల జత జాబితా ఒక్క సాయంత్రం పని. బరువు పౌండ్లలో ఇస్తే 2.2తో భాగించి కిలోల్లోకి మార్చాలన్నదీ అక్కడే రాసుకోవాలి.

ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లను ప్రశ్న వాక్యం చివర్లో ఉండే చిన్న మాటలు పడేస్తాయి. ‘ఫర్దర్ టీచింగ్’ అవసరం అని సూచించే మాట ఏది అంటే, పేషెంటు అన్న నాలుగు మాటల్లో తప్పు మాటను వెతకాలి. ‘ఇనీషియల్’ అంటే మొదట చేసేది, ‘ప్రయారిటీ’ అంటే అన్నిటికన్నా ముఖ్యమైనది. ప్రశ్నను ఇంగ్లీషులో చదివి, అడిగిందేమిటో మనసులో ఒక్క తెలుగు వాక్యంగా చెప్పుకుని ఆప్షన్లలోకి వెళ్లడం మంచి అలవాటు. ఆ వాక్యం కుదరకపోతే ప్రశ్న అర్థం కానట్టే.

కేస్ స్టడీ: ఆరు మెట్లు

కొత్త రూపంలో పెద్ద మార్పు కేస్ స్టడీలు. ప్రతి అభ్యర్థికీ మార్కులున్నవి మూడు కేసులు, ఒక్కో దానికి ఆరు ప్రశ్నలు వస్తాయి. తెర మీద కేస్‌షీట్ లాగే నర్సు నోట్సు, ల్యాబ్ రిపోర్టులు, ఆర్డర్లు ఉంటాయి. ఆరు ప్రశ్నలూ ఒక వరసలో నడుస్తాయి: సూచనలను గుర్తించడం, వాటి అర్థం తేల్చడం, ఏది ప్రమాదమో నిర్ణయించడం, ఏం చేయవచ్చో ఆలోచించడం, చేయడం, ఫలితం చూడడం.

న్యుమోనియాతో చేరిన 68 ఏళ్ల మనిషి. ఉదయం 8కి జ్వరం 38.4 డిగ్రీలు, ఊపిరి 22. పదింటికి ఊపిరి 28, భార్య పేరు తప్పు చెబుతున్నాడు, సంచిలో రెండు గంటల మూత్రం 35 మిల్లీలీటర్లు. వీటిలో కొత్తగా మారినవి ఏవి? ఊపిరి వేగం, అయోమయం, మూత్రం. శివారు చేలు ఎండుతున్నాయి. సెప్సిస్, అంటే ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే స్థితి, అనుమానం. యాంటీబయాటిక్‌కు ముందు బ్లడ్ కల్చర్ తీయాలి, లాక్టేట్ చూడాలి, ఆర్డరు ప్రకారం సెలైన్ నడపాలి. గంట తర్వాత మాట స్పష్టమైందా, మూత్రం పెరిగిందా అన్నదే చివరి ప్రశ్న. నైట్ డ్యూటీలో హ్యాండోవర్ బాగా ఇచ్చే నర్సు ఈ ఆరు మెట్లూ రోజూ ఎక్కుతూనే ఉంది, వాటికి పేర్లు పెట్టుకోలేదంతే.

ఇక్కడ పాక్షిక మార్కులున్నాయి. ‘సరైనవన్నీ ఎంచుకోండి’ రకంలో సరైనదానికి ఒకటి కలిసి, తప్పుకు ఒకటి పోతుంది, మొత్తం సున్నా కన్నా తగ్గదు. కాబట్టి అనుమానం ఉన్నవన్నీ నొక్కేయడం నష్టం.

తప్పిన ప్రశ్నతో ఏం చేయాలి

రోజుకు రెండు వందల ప్రశ్నలు చేశామన్న లెక్క కన్నా, ముప్పై ప్రశ్నలు చేసి ప్రతి ఆప్షన్ ఎందుకు ఒప్పో, ఎందుకు తప్పో చూసుకున్న రోజు ఎక్కువ పని చేస్తుంది. సరిగ్గా వచ్చిన జవాబుకు కూడా కారణం చూడాలి, చీకట్లో వేసిన రాయి తగిలి ఉండొచ్చు. తప్పుల నోట్సులో జవాబు రాసుకుంటే లాభం లేదు. తప్పు ఏ రకమో రాయాలి: విషయం తెలియలేదా, ప్రశ్న తప్పు చదివామా, తెలిసీ వార్డు అలవాటులో పడ్డామా. వారం తిరిగేసరికి ఏ గడి నిండుతోందో కనబడుతుంది. మొదటిదానికి పుస్తకం మందు, రెండోదానికి నిదానం, మూడోదానికి పైన చెప్పిన తేడాలు.

పరీక్ష ఫీజు 200 డాలర్లు, మన దేశంలోని కేంద్రంలో రాస్తే అదనంగా 150. హైదరాబాద్‌లో రాసేవాళ్లు రాత్రి రైలు దిగి నేరుగా కేంద్రానికి వెళ్లడం మానుకోవాలి. నిద్ర లేని తలతో అయిదు గంటల నిర్ణయాలు నిలబడవు, ఒక రాత్రి బస ఖర్చు ఆ ఫీజు ముందు చిన్నది.

తప్పినవాళ్లకు అంశాల వారీగా పాస్ గీతకు పైన ఉన్నారా, దగ్గర ఉన్నారా, కింద ఉన్నారా అని చెప్పే రిపోర్టు వస్తుంది. చాలామంది ఆ కాగితాన్ని బాధతో మడిచి బీరువాలో పెట్టేస్తారు. మళ్లీ రాయడానికి కనీసం 45 రోజుల గడువు ఉంటుంది. ‘కింద’ అని వచ్చిన రెండు మూడు అంశాలకు ఆ గడువులో మొదటి మూడు వారాలు, ‘దగ్గర’ అని వచ్చినవాటికి తర్వాతి రెండు వారాలు ఇచ్చి, మిగిలిన రోజుల్లో కేస్ స్టడీలు మాత్రమే చేస్తే మొత్తం సిలబస్‌ను మళ్లీ మొదటి పేజీ నుంచి తిరగేయాల్సిన పని ఉండదు.